నల్లమలకు కెమెరా బ్యాగు ఎలా సర్దాలి?

నల్లమల వెళ్లేవాళ్ల కెమెరా బ్యాగులు రెండు రకాలు. ఒకటి పులి కోసం సర్దింది. అందులో మోయలేనంత లెన్సు, దానికో పెద్ద ట్రైపాడ్, ఇంకా ‘ఎందుకైనా మంచిది’ అంటూ కుక్కిన సామాను ఉంటాయి. రెండోది అడవి కోసం సర్దింది. దాని బరువు మొదటిదాంట్లో సగం కూడా ఉండదు. కానీ ఇంటికొచ్చి ఫొటోలు చూసుకునేటప్పుడు ఈ రెండో బ్యాగు వాళ్ల ముఖాల్లోనే ఎక్కువ వెలుగు కనిపిస్తుంది. అదెలాగో తెలియాలంటే ముందు నల్లమల ఎలాంటి అడవో తెలుసుకోవాలి. బ్యాగు సంగతి ఆ తర్వాత.

ఇది తడోబా కాదు బాస్!

కృష్ణానదికి అటూ ఇటూ పరుచుకున్న కొండల అడవి ఇది. ఆంధ్ర వైపు భాగం నాగార్జునసాగర్ - శ్రీశైలం టైగర్ రిజర్వు, తెలంగాణ వైపుది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. 1983లో టైగర్ రిజర్వుగా ప్రకటించినప్పుడు రెండూ ఒకటే. 2014లో రాష్ట్రం విడిపోయాక రిజర్వు కూడా రెండయింది. ఒక్క అమ్రాబాదే 2,600 చదరపు కిలోమీటర్ల పైమాట. నది అవతలిది దేశంలోనే అతిపెద్ద టైగర్ రిజర్వుగా పేరున్నది.

ఇంత పెద్ద అడవిలో సఫారీ జీపులు తిరిగే దారులు చాలా కొద్ది. తడోబాలోనో, రణథంబోర్‌లోనో పులులకు జీపులు అలవాటైపోయాయి, రోడ్డు పక్కనే పడుకుని ఆవలిస్తాయి. నల్లమల పులి అలా కాదు. జీపు చప్పుడు వినగానే పొదల్లోకి జారుకుంటుంది. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి చెట్లు, వాటి మధ్య వెదురు పొదలు, మనిషి ఎత్తు బోదగడ్డి. యాభై అడుగుల దూరంలో ఉన్నా కనపడదు.

మరి కనిపించేదేంటి? దుప్పుల మందలు, కణితులు, కొండముచ్చులు, నెమళ్లు, అడవిపందులు. చెట్టు చిటారున తోక వేలాడేసుకుని కూర్చునే పెద్ద అడవి ఉడుత. అదృష్టం ఉంటే ఎలుగుబంటి, రేచుకుక్కల గుంపు. చెట్ల మొదళ్ల దగ్గర పురుగులు, పుట్టగొడుగులు, బెరడు రంగులో కలిసిపోయే బల్లులు. తెల్లవారుజామున ఫరహాబాద్ వ్యూపాయింట్ నుంచి చూస్తే కింద మంచులో మునిగిన అడవి. వీటిలో దేనికీ రెండు లక్షల లెన్సు అక్కర్లేదు.

కాబట్టి మొదటి సూత్రం: పులి కనిపిస్తే బోనస్ అనుకుని, మిగతా అడవి కోసం బ్యాగు సర్దండి.

ఎప్పుడు, ఎక్కడ?

జులై నుంచి సెప్టెంబరు దాకా రిజర్వులో సఫారీలు ఉండవు. వానాకాలం అడవికి విశ్రాంతి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది, వలస పక్షులూ వస్తాయి. మార్చి నుంచి ఎండలు మండిపోతాయి గానీ, ఆకులు రాలి అడవి లోపలికి చూపు ఆనుతుంది. జంతువులు నీటి దగ్గరకు చేరతాయి. అటవీశాఖ వాళ్లు ఎండాకాలంలో ట్యాంకర్లతో నీళ్లు నింపే సాసర్ పిట్ల దగ్గర సందడి అప్పుడే.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు మన్ననూరు దగ్గర. సుమారు 140 కిలోమీటర్లు. ఆంధ్ర వైపు నుంచైతే దోర్నాల - శ్రీశైలం దారిలో తుమ్మలబైలు సఫారీ, ఆత్మకూరు వైపు బైర్లూటి, నంద్యాల - గిద్దలూరు దారిలో పచ్చర్ల జంగిల్ క్యాంపులు ఉన్నాయి. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. ‘రాత్రి బయల్దేరి తెల్లారేసరికి దిగిపోదాం’ అనే ప్లాను ఇక్కడ నడవదు. ముందురోజు వెలుగుండగానే చేరిపోండి.

లెన్సు లెక్క

ఒక బాడీ, రెండు లెన్సులు. అంతే.

మొదటిది 100-400 లాంటి జూమ్. దుప్పి దగ్గరగా వస్తే వెనక్కి లాగొచ్చు, కొండముచ్చు కొమ్మెక్కితే ముందుకు నెట్టొచ్చు. 150-600 జూములు చాలామంది కల. బాగుంటాయి, కాదనం. కానీ చాలావరకు రెండు కిలోల చుట్టూ తూగుతాయి. మూడు గంటల జీపు ప్రయాణంలో రెండు కిలోలు చేతుల్లో పట్టుకుని కూర్చుంటే, అసలు సమయానికి చెయ్యి వణుకుతుంది. ఇంకో చిక్కు వెలుతురు. సఫారీలు ఉదయం, సాయంత్రం ఉంటాయి. చెట్ల కింద చీకటిగా ఉంటుంది. జూమ్ చివరికి లాగితే చాలా లెన్సుల్లో ఎపర్చర్ 6.3 దగ్గర ఆగిపోతుంది. ఐఎస్‌ఓ మూడు నాలుగు వేలు దాటించాల్సి వస్తుంది. ‘నాయిస్ వస్తుందేమో’ అని భయపడి షట్టర్ స్పీడు తగ్గించేయకండి. కాస్త గింజలు గింజలుగా ఉన్న ఫొటోని ఇంట్లో బాగు చేసుకోవచ్చు. కదిలిపోయిన ఫొటోని ఎవరూ బాగుచేయలేరు.

రెండో లెన్సు మాక్రో గానీ, మామూలు 18-55 గానీ. మాక్రో ఉంటే క్యాంపు చుట్టూ పది అడుగుల్లోనే రోజంతా పని దొరుకుతుంది. 18-55 అయితే కొండలు, లోయ, చెట్లు, మబ్బులు.

లెన్సు కోసం ఈఎంఐ పెట్టే ఆలోచనలో ఉంటే ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల రోజు అద్దెకు లెన్సులు దొరుకుతాయి. రెండు మూడు ట్రిప్పులు అద్దెవి వాడి చూస్తే, మీకు నిజంగా ఏది కావాలో మీ చేతులే చెబుతాయి. అద్దెకు తీసుకునేటప్పుడు షాపులోనే మీ బాడీకి తగిలించి ఫోకస్ పడుతుందో లేదో చూడండి. లైటుకి ఎదురుగా పట్టుకుని లోపల బూజు ఉందేమో పరీక్షించండి. గీతలుంటే అప్పుడే చూపించి ఫొటో తీసిపెట్టుకోండి. తిరిగిచ్చేటప్పుడు గొడవ ఉండదు.

పాత జీన్సు ప్యాంటుతో బీన్ బ్యాగ్

జీపులో ట్రైపాడ్ తెరిచే చోటే ఉండదు. పక్కవాళ్ల కాళ్లకు అడ్డం. దాన్ని ఇంట్లో పెట్టేయండి. దాని బదులు బీన్ బ్యాగ్ చాలు. కొనక్కర్లేదు కూడా. పాత జీన్సు ప్యాంటు కాలు మోకాలి కింద నుంచి కత్తిరించి, ఒక కొస కుట్టించేయండి. రెండో కొసకు జిప్పో, బిగించే తాడో పెట్టించండి. వీధి చివర టైలరు పది నిమిషాల్లో చేసిపెడతాడు.

దాన్ని ఖాళీగా మడిచి బ్యాగులో పెట్టుకోండి. అచ్చంపేటలోనో, దోర్నాలలోనో దిగాక కిరాణా కొట్లో రెండు కిలోల బియ్యమో, శనగలో కొని నింపండి. ఆ రెండు కిలోలు ఇంటి దగ్గర నుంచి మోసుకురావక్కర్లేదు కదా! జీపు కడ్డీ మీద వేసి, దానిమీద లెన్సు ఆనిస్తే కదలదు. అయితే డ్రైవర్ ఇంజిన్ ఆపాకే క్లిక్ మనాలి. ఇంజిన్ వణుకు బీన్ బ్యాగులోంచి కూడా లెన్సుకు ఎక్కుతుంది. ట్రిప్పు అయ్యాక ఆ గింజలు కోతులకో, దుప్పులకో పోయకండి. మూట కట్టి వెనక్కి తెచ్చేసుకోండి. అడవి జంతువులకు మన తిండి అలవాటు చేయడమంటే వాటిని రోడ్డు మీదకు పిలిచినట్టే.

దుమ్ము, చెమట, ఏసీ

ఎండాకాలం నల్లమల దారుల్లో ముందు జీపు లేపే ఎర్రదుమ్ము వెనక జీపులో వాళ్ల కనురెప్పల మీద కూర్చుంటుంది. అదే కెమెరా లోపల సెన్సర్ మీద కూర్చుంటే ప్రతి ఫొటోలో ఆకాశం మీద నల్ల చుక్కలు. అందుకే జీపులో లెన్సు మార్చొద్దు. జూమ్ తగిలించుకుని ఎక్కండి, దానితోనే దిగండి. 18-55 పని ఫోనుతో కానిచ్చేయండి.

దుమ్ముకు ఖరీదైన కవర్లు అక్కర్లేదు. ఒక మెత్తటి నూలు తువ్వాలు, ఒక షవర్ క్యాప్, రెండు జిప్ కవర్లు చాలు. జీపు కదులుతుంటే కెమెరా మీద తువ్వాలు కప్పండి. తువ్వాలు మెడకూ పనికొస్తుంది, చెమటకూ పనికొస్తుంది. దుమ్ము పడితే ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, తర్వాతే గుడ్డ పెట్టండి. దుమ్ము మీదే తుడిస్తే అది గరుకు కాగితంతో రుద్దినట్టు. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. ఏసీ కారులో నాలుగు గంటలు చల్లబడిన కెమెరాని ఉక్కపోత గాలిలో ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, చల్లటి కూల్‌డ్రింక్ సీసా మీద పట్టినట్టు. ఆ తేమ లోపలికి చేరితే ఫంగస్. అడవి చేరడానికి అరగంట ముందే ఏసీ కట్టేసి అద్దాలు దించండి. లేదంటే బ్యాగు జిప్ తీయకుండా అరగంట అలాగే ఉంచండి. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా నాలుగైదు బ్యాగులో వేసుకోండి.

బస్సులో వెళ్తే కెమెరా బ్యాగు డిక్కీలో వేయకండి, పైన ర్యాకులోనూ వద్దు. ఒళ్లోనే. ఘాట్ రోడ్డు మలుపులు మొదలయ్యాక ర్యాకులోని సామాను ఎటు జారుతుందో చెప్పలేం. విమానంలో వచ్చేవాళ్లు విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. చెక్-ఇన్ లగేజీలో వాటిని ఒప్పుకోరు.

కరెంటు, కార్డులు

క్యాంపుల్లో కరెంటు ఉన్నా, అది ఎప్పుడు ఉంటుందో దానిష్టం. కెమెరాకి కనీసం మూడు బ్యాటరీలు, ఒక పవర్ బ్యాంకు. గదిలో ప్లగ్గు ఒక్కటే ఉండొచ్చు, చార్జర్లు నాలుగుంటాయి. చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పట్టుకెళ్తే గదిలో అందరూ మీకు దండం పెడతారు.

మెమరీ కార్డు పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు మూడు తీసుకోండి. ఒకటి పాడైనా మిగతావి బతుకుతాయి. రాత్రి క్యాంపులో ఆరోజు మంచివి ఫోనులోకో, ల్యాప్‌టాప్‌లోకో ఎక్కించేయండి. జీపులో కూర్చుని ఫొటోలు డిలీట్ చేసే పని పెట్టుకోకండి. తల దించుకున్న ఆ రెండు నిమిషాల్లోనే ఎలుగుబంటి రోడ్డు దాటుతుంది.

ఫోను మాత్రమే ఉంటే?

దిగులు పడక్కర్లేదు. ఫోనుతో దూరంగా ఉన్న జంతువును తీయడం కష్టం. దాని మీద మొండికేయకండి. డిజిటల్ జూమ్ లాగితే దుప్పి కాస్తా గోధుమరంగు మచ్చ అవుతుంది. ఫోను బలం దగ్గరి వస్తువులు, వెడల్పు దృశ్యాలు. సాలెగూడు మీద మంచు, ఈనెలు మాత్రమే మిగిలిన ఎండుటాకు, ఎలుగు గోళ్లతో చీరేసిన చెదపుట్ట. జీపు దిగడానికి అనుమతి ఉన్నచోట మెత్తటి మట్టిలో పులి అడుగు కనిపిస్తే, ఉదయపు ఏటవాలు ఎండలో కిందికి వంగి తీయండి. గీతలన్నీ తేలతాయి. కొలత తెలియడానికి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, మర్చిపోకుండా తీసుకోండి.

ఫోనుకి తోడు ఒక బైనాక్యులర్ కొనుక్కోండి. 8x42 రకం మొదటిసారి వాళ్లకు సరిపోతుంది. ఫొటో రాకపోయినా పిట్ట కంటి చుట్టూ ఉన్న రంగు దాకా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నల్లమలలో కెమెరా కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. గేటు దగ్గరే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. బుకింగ్ కాగితం, ఆధార్ నకలు ప్రింటు తీసి పెట్టుకోండి. దేశంలో కొన్ని టైగర్ రిజర్వులు సఫారీలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వడం లేదు. కెమెరాకు వేరే రుసుము ఉండొచ్చు. బయల్దేరే ముందు అడిగి కనుక్కోండి.

ఇంట్లోనే వదిలేయాల్సినవి

మొదట డ్రోన్. అనుమతి లేకుండా రిజర్వులో ఎగరేస్తే కేసు ఖాయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగుపెట్టడానికీ, ఫొటోలు తీయడానికీ కూడా అనుమతి కావాలి. చట్టం పక్కన పెట్టినా, ఆ రొద వింటే గూటిలో పక్షి లేచిపోతుంది.

రెండోది ఫ్లాష్. చీకట్లో గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొడితే కాసేపు దానికి ఏమీ కనపడదు. మూడోది బ్లూటూత్ స్పీకర్. పిట్ట కూత రికార్డు పెట్టి రప్పించడం చాలామంది గొప్ప ట్రిక్కు అనుకుంటారు. తన ఇలాకాలోకి వేరే మగపిట్ట చొరబడిందనుకుని అది తిండి మానేసి, గూడు వదిలేసి కొట్లాటకు వస్తుంది. మన ఫొటో కోసం దానికి ఒక పూట గండం. నాలుగోది సెంటు. ఐదోది తెల్ల చొక్కా, ఎర్ర టీషర్టు. ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకోండి. పొడుగు చేతులు, పొడుగు సాక్సులు. గడ్డిలో పిడుదులు పట్టుకుంటే వారం రోజులు దురద వదలదు.

వీటి స్థానంలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, స్టీలు నీళ్ల సీసా, టోపీ, తలకు కట్టుకునే టార్చి, దోమల క్రీము పెట్టుకోండి. లీటరున్నర నీళ్లంటే కిలోన్నర బరువు. ఆ బరువుకు చోటు ఉండాలనే లెన్సులు తగ్గించమంటున్నది. ఏప్రిల్ ఎండలో వడదెబ్బ తగిలితే రెండు లక్షల లెన్సు ఎందుకూ పనికిరాదు.

నీలి సాలీడు చెప్పే పాఠం

బ్యాగు సర్దడంలో చివరి పని ఫోను సెట్టింగుల్లో ఉంది. దానికి ముందు ఒక కథ.

అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప డిపోలో ఒక విచిత్రమైన సాలీడు దొరికింది. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. 1899లో శాస్త్రవేత్తలు దాన్ని కొత్త జాతిగా నమోదు చేశారు. గుత్తిలో దొరికింది కాబట్టి గుత్తి టరాంటులా అన్నారు. కానీ దాని ఇల్లు గుత్తి కాదు. కలపతో పాటు రైలెక్కి వచ్చిందని తర్వాత అనుకున్నారు. వందేళ్ల తర్వాత, 2001లో, నంద్యాల - గిద్దలూరు మధ్య నల్లమలలో అది మళ్లీ కనిపించింది. చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఉన్న చోటు చాలా చిన్నది, అదీ కలప నరికివేతతో కుదించుకుపోతోంది. ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మరోవైపు విదేశాల్లో దాన్ని గాజు పెట్టెల్లో పెంచుకునే సరదారాయుళ్లు బోలెడు మంది.

ఇలాంటి ప్రాణిని మీరు ఫొటో తీశారనుకోండి. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఆ ఫొటో ఫైలులో ఏ చెట్టు దగ్గర తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదైపోతుంది. మామూలుగా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు చాలావరకు పోతాయి. ‘క్వాలిటీ తగ్గకూడదు’ అని డాక్యుమెంటుగా పంపారో, వివరాలన్నీ వెంటే వెళ్తాయి. ఇక ఇన్‌స్టాలో మనమే చేతులారా క్యాంపు పేరు ట్యాగ్ చేసి, ‘గేటు దాటాక మూడో మలుపు’ అని రాస్తే చెప్పేదేముంది! నల్లమలలో ఉందన్న సంగతి పుస్తకాల్లోనే ఉంది. ఏ చెట్టులో అన్నది మాత్రం ఎక్కడా ఉండకూడదు.

పులికైనా, నక్క గుంతకైనా, గుడ్లగూబ గూటికైనా ఇదే వరస. బయల్దేరే ముందే కెమెరా యాప్‌లో లొకేషన్ ఆపేయండి. ఫొటోలు ఇంటికొచ్చి నాలుగు రోజులాగి పెట్టండి. వెనకాల మైలురాయో, బోర్డో కనిపిస్తుంటే కత్తిరించండి. కింద ‘నల్లమల’ అని ఒక్క మాట చాలు. లైకులేమీ తగ్గవు.

బ్యాగులో పట్టనిది

నల్లమలలో సఫారీ గైడ్లు, క్యాంపుల్లో పనిచేసేవాళ్లు చాలామంది చెంచులు. వాళ్లకు ఇది పుట్టిపెరిగిన ఊరు. కొండముచ్చు మామూలుగా అరిచిందా, చిరుతను చూసి అరిచిందా వాళ్లకు వినగానే తెలుస్తుంది. కణితి ఒక్కసారి గట్టిగా ‘ఢాంక్’ మంటే జీపు ఎటు ఆపాలో తెలుస్తుంది. మీ కెమెరా ఫోకస్ పాయింట్ల కంటే ఆ చెవులు చురుకు.

కాబట్టి జీపెక్కగానే ‘‘అన్నా, పులి చూపిస్తావా?’’ అని అడక్కండి. రోజుకు ఇరవై మంది అడుగుతారు. ‘‘అన్నా, ఈమధ్య ఏం కనిపిస్తున్నాయి?’’ అని అడిగి చూడండి. మాట కలుస్తుంది. ఆగమన్న చోట ఆగండి, మాట్లాడొద్దంటే మాట్లాడకండి. ‘ఇంకొంచెం దగ్గరికి పోనీ’ అని ఒత్తిడి పెట్టకండి. దుప్పి మేత ఆపి తలెత్తి మిమ్మల్నే చూస్తోందంటే, ఆల్రెడీ ఎక్కువ దగ్గరికి వెళ్లిపోయినట్టే.

ఇంకో మాట. చెంచుగూడెం కనిపించగానే లెన్సు అటు తిప్పేవాళ్లున్నారు. వాళ్లు సఫారీలో భాగం కాదు. అడిగి, సరేనంటేనే తీయండి. తీస్తే ఒక ప్రింటు వేయించి క్యాంపు అడ్రసుకు పంపండి. చాలామంది పంపుతామంటారు, పంపరు.

ఇప్పుడు బ్యాగు ఒకసారి ఎత్తి చూడండి. బాడీ, రెండు లెన్సులు, మూడు బ్యాటరీలు, రెండు మూడు కార్డులు, ఖాళీ బీన్ బ్యాగ్, తువ్వాలు, బ్లోయర్, బైనాక్యులర్, నీళ్లు. అన్నీ కలిపి ఆరేడు కిలోలు దాటకూడదు. ఒక చేత్తో లేస్తే సరే. లేవకపోతే జిప్ తీసి, ‘ఎందుకైనా మంచిది’ అనుకుని పెట్టినవి ముందు బయట పెట్టండి.